ఉమ్మడి పరిశోధన నోట్సులో ట్యాగుల నిర్వహణ: రూపభేదం, దృష్టిభేదం

ఉపోద్ఘాతం

సాహిత్య పరిశోధకులు చాలాకాలం విషయసేకరణను చీటీల మీద సాగించారు. చీటీ తలమీద రాసుకున్న ఒకటి రెండు మాటలే దానిని మళ్లీ వెతికి తీయడానికి ఆధారం. చీటీల పెట్టె ఒక్కరిదే కాబట్టి ఆ మాటలు ఇతరులకు అర్థం కాకపోయినా నష్టం లేదు. ఇప్పుడు జొటెరో వంటి సాధనాల్లో పర్యవేక్షకులు, పరిశోధకులు కలిసి ఒకే గ్రంథసూచిని, ఒకే నోట్సును నిర్వహించుకోగలుగుతున్నారు. చీటీ తలమీది మాట స్థానంలోకి ట్యాగు వచ్చింది. ఒకరి సంకేతం పదిమంది సంకేతమైంది.

ఉమ్మడి నోట్సులో ట్యాగులు పెరిగిపోయినప్పుడు సాధారణంగా వినిపించే సలహా ఒక్కటే: ఒకే అర్థం ఇచ్చే ట్యాగులను కలిపివేయాలి, వాటి సంఖ్య తగ్గించాలి. సాహిత్య పరిశోధనకు ఈ సలహా కొంతవరకే వర్తిస్తుంది. ట్యాగుల మధ్య కనిపించే తేడాలు రెండు రకాలు. రాతలో తేడా రూపభేదం; విషయాన్ని చూసే తీరులో తేడా దృష్టిభేదం. మొదటిదాన్ని తొలగించాలి, రెండోదాన్ని కాపాడాలి. రెండింటినీ ఒకే తీరున చక్కదిద్దితే జాబితా శుభ్రపడుతుంది గాని, విమర్శకు అవసరమైన ఆధారాలు పోతాయి. ఈ ప్రతిపాదనను తెలుగు సాహిత్యం నుంచి తీసుకున్న ఉదాహరణలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ట్యాగు స్వభావం

గ్రంథాలయంలో పుస్తకానికి ఒకే అర ఉంటుంది. ట్యాగుకు ఆ నిర్బంధం లేదు. ఒకే నోటుకు ‘నవల’, ‘జాతీయోద్యమం’, ‘గుంటూరు జిల్లా’ అని మూడు ట్యాగులు తగిలించవచ్చు. వినియోగదారులు తమకు తోచిన మాటలతో చేసుకునే ఇలాంటి వర్గీకరణకు థామస్ వాండర్ వాల్ 2004లో ‘ఫోక్సానమీ’ అని పేరు పెట్టాడు. తెలుగులో దీన్ని జనవర్గీకరణ అనవచ్చు. ముందే నిర్ణయించిన వర్గాల్లో ఇమడని విషయాన్ని కూడా ఇది పట్టుకోగలదు. నియంత్రణ లేకపోవడం వల్ల చెదిరిపోవడం దీని బలహీనత.

ఈ రెంటి మధ్య మార్గం భారతీయ గ్రంథాలయశాస్త్రంలో చాలా ముందే ఉంది. ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో వెలువరించిన కోలన్ వర్గీకరణ ఒక విషయాన్ని ఒకే అరలో బంధించకుండా దాని పార్శ్వాలను విడదీసి మళ్లీ కూర్చింది. వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అనే అయిదు మూలపార్శ్వాలను ఆయన గుర్తించాడు. ఏ మాట ఏ పార్శ్వానికి చెందుతుందో తెలిస్తే మాటలు ఎన్ని ఉన్నా గందరగోళం ఉండదన్నది ఈ పద్ధతి నేర్పే పాఠం.

రూపభేదాలు

తెలుగులో రాతపూర్వక వైవిధ్యం ఎక్కువ కాబట్టి రూపభేదాల సమస్య కూడా ఎక్కువే. ‘స్త్రీవాదం’, ‘స్త్రీవాదము’, ‘స్త్రీవాద సాహిత్యం’, ‘స్త్రీవాదసాహిత్యం’ అనేవి పరిశోధకుడికి ఒకటే, సాధనానికి నాలుగు. పాత ముద్రణల నుంచి ఎత్తిరాసుకున్న శీర్షికల్లో అరసున్నలు, బండి ‘ఱ’లు అలాగే వచ్చి చేరతాయి. కవుల పేర్లది మరో చిక్కు. ‘శ్రీశ్రీ’ అని ఒకరు, ‘శ్రీరంగం శ్రీనివాసరావు’ అని మరొకరు రాస్తే ఒకే కవి ఇద్దరవుతాడు.

కంటికి కనిపించని తేడాలు కూడా ఉన్నాయి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వానికి ఐత్వపు కింది గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. సాధనం ఈ రెండింటినీ సమానంగా గుర్తించకపోతే ‘శైలి’ అనే ట్యాగు రెండుసార్లు కనిపిస్తుంది. ‘ఫ్రాయిడ్’ వంటి పొల్లుతో ముగిసే మాటల చివర కొన్నిసార్లు కనిపించని విభాజక సంకేతం ఒకటి చేరుతుంది. అప్పుడు తెరమీద అచ్చంగా ఒకేలా కనిపించే రెండు ట్యాగులు తయారవుతాయి. బయటి గ్రంథసూచుల నుంచి దిగుమతి చేసుకున్న పుస్తక వివరాలతోపాటు అక్కడి విషయశీర్షికలు కూడా ట్యాగులుగా వచ్చి చేరడం జొటెరోలో మామూలే. వీటన్నిటినీ నిస్సంకోచంగా ఏకరూపం చేయవచ్చు. అందువల్ల ఏ అభిప్రాయమూ నష్టపోదు.

నానార్థాలు

రూపం ఒకటే అయి అర్థాలు వేరైనప్పుడు సమస్య తలకిందులవుతుంది. ‘వచనం’ అనే ట్యాగు కింద గద్యరచన, వ్యాకరణంలోని ఏకవచన బహువచనాలు, వీరశైవ వచనసాహిత్యం మూడూ చేరవచ్చు. ‘వృత్తి’ అంటే కులవృత్తి కావచ్చు, కైశికి మొదలైన నాట్యవృత్తి కావచ్చు, సూత్రాలకు రాసిన వివరణ కావచ్చు. ఇక్కడ కావలసింది కలపడం కాదు, విడదీయడం.

నిఘంటుకారులు ఈ రెండు సమస్యలను వేరువేరుగానే చూశారు. అమరకోశం పర్యాయపదాలను విషయాన్ని బట్టి వర్గాలుగా కూర్చి, అనేకార్థాలు గల పదాలకు మూడో కాండలో నానార్థవర్గాన్ని ప్రత్యేకంగా కేటాయించింది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలోనూ నానార్థవర్గు ఉంది. పర్యాయపదాలను చేర్చడం, నానార్థాలను విడదీయడం వేరువేరు పనులన్న వివేకం ట్యాగుల నిర్వహణకూ అవసరం.

దృష్టిభేదాలు

అసలు క్లిష్టత పర్యాయపదాల్లా కనిపించి పర్యాయపదాలు కాని మాటల దగ్గర వస్తుంది. ఒక ఉమ్మడి నోట్సులో ‘పంచమ’, ‘ఆది ఆంధ్ర’, ‘హరిజన’, ‘దళిత’ అనే నాలుగు ట్యాగులు ఉన్నాయనుకుందాం. సంఖ్య తగ్గించాలనుకునే నిర్వాహకుడు మొదటి మూడింటినీ ‘దళిత’లో కలిపివేస్తాడు. పాత మాటల్లోని అవమానాన్ని, దయాదృష్టిని తొలగించాలన్న సదుద్దేశం కూడా అందుకు తోడు కావచ్చు. కాని ఈ నాలుగు మాటలకూ నాలుగు చరిత్రలు ఉన్నాయి. ‘పంచమ’ పేరును కాదని ‘ఆది ఆంధ్ర’ పేరును స్వీకరించడం 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ చేసిన పని. ‘హరిజన’ శబ్దం 1930వ దశకం తొలినాళ్ల నుంచి గాంధీ ప్రచారంతో వ్యాపించింది. ‘దళిత’ శబ్దం తెలుగునాట 1985 నాటి కారంచేడు ఘటన తరువాతి ఉద్యమంతో బలపడింది. ఎవరు ఎవరిని ఏ కాలంలో ఏ పేరుతో పిలిచారన్నది ఈ మాటల్లోనే నమోదై ఉంది. నాలుగింటినీ ఒకటి చేస్తే పేరు కోసం జరిగిన పోరాటమే నోట్సులోంచి తొలగిపోతుంది.

రచనల విషయంలో ఇది మరింత స్పష్టమవుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922 నాటిది. దాన్ని ‘హరిజన సాహిత్యం’ అంటే నవల తరువాత పదేళ్లకు వ్యాపించిన మాటను దానికి అంటగట్టినట్లవుతుంది. ‘దళిత సాహిత్యం’ అంటే దళితులు రాసినదే దళిత సాహిత్యమా, దళితుల గురించి రాసినదీ అవుతుందా అన్న వివాదంలో ఒక పక్షం వహించినట్లవుతుంది. జాషువా ‘గబ్బిలం’ (1941), దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ (1995) ఒకే ట్యాగు కింద చేరినప్పుడు కూడా ఒక నిర్ణయం జరుగుతుంది. జాషువాను దళిత కవిత్వానికి ఆద్యుడిగా చూడడం విమర్శలో బలమైన వాదమే. కాని అది వాదించి నిరూపించవలసిన విషయం. ట్యాగుల జాబితాను సర్దుతూ తేల్చదగినది కాదు.

‘మాండలికం’ అనే ట్యాగుదీ ఇదే స్థితి. తెలంగాణ కథల మీద పనిచేసే పరిశోధకుడు ‘తెలంగాణ తెలుగు’ అని పెట్టిన ట్యాగును ‘మాండలికం’లో కలిపితే, ఒక ప్రాంతపు భాష ప్రమాణమనీ మరో ప్రాంతపు భాష దాని భేదమనీ ఒప్పుకున్నట్లవుతుంది. తెలంగాణ రచయితలు ఎంతోకాలంగా ప్రశ్నిస్తూ వచ్చిన భావన ఇది.

సాధనం పరిమితి

జొటెరో ఉమ్మడి గ్రంథాలయంలో ఒక ట్యాగు పేరు మార్చితే అది తగిలి ఉన్న అన్ని అంశాల్లోనూ మారుతుంది. కొత్త పేరు అప్పటికే ఉన్నదైతే రెండు ట్యాగులూ కలిసిపోతాయి. ఏ ట్యాగును ఎవరు పెట్టారో ట్యాగు పక్కన కనిపించదు. అందువల్ల కలిపివేసిన తరువాత, లోగడ అక్కడ రెండు అభిప్రాయాలు ఉండేవని చెప్పే ఆనవాలు మిగలదు. సవరించే అధికారం సభ్యులందరికీ ఇవ్వవచ్చు, నిర్వాహకులకే పరిమితం చేయవచ్చు. నిర్వాహకులకే పరిమితం చేసినచోట పర్యవేక్షకుడి పరిభాషే నిలిచి, పరిశోధక విద్యార్థి పరిభాష చెరిగిపోయే ప్రమాదం ఉంది. కొత్త దృక్పథం తరచు కొత్త మాటతోనే మొదలవుతుంది కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు.

ట్యాగులు మితిమీరితే వెతకడమే కష్టమవుతుందన్న అభ్యంతరం సహేతుకమైనదే. అయితే దానికి పరిష్కారం మాటలను చెరిపివేయడం కాదు, వాటి మధ్య సంబంధాన్ని రాసిపెట్టడం.

నిర్వహణ పద్ధతి

ఇందుకు తెలుగులోనే ఒక ఆదర్శం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వ్యవసాయ పదాలతో 1962లో వెలువడిన ‘మాండలిక వృత్తిపదకోశం’ మొదటి సంపుటం, ఒకే వస్తువుకు వివిధ ప్రాంతాల్లో ఉన్న పేర్లను ఒకచోట చేర్చింది. ఏ పేరు ఏ ప్రాంతానిదో సూచించింది. వెతికేవారికి ఏకత్వం దొరికింది, వైవిధ్యమూ నిలిచింది. ఉమ్మడి నోట్సులో కావలసినదీ ఇదే.

ఆచరణలో ఇది మూడు పనులుగా ఉంటుంది. మొదటిది, ట్యాగు ముందు దాని పార్శ్వాన్ని చేర్చడం. ‘రూపం: నవల’, ‘ప్రాంతం: తెలంగాణ’, ‘కాలం: 1920–30’, ‘దృక్పథం: దళితవాదం’ అని రాస్తే ఒక్కొక్క పార్శ్వానికి చెందిన ట్యాగులు అకారాదిక్రమంలో ఒకేచోట చేరతాయి. ‘వృత్తి’ వంటి నానార్థాలూ విడిపోతాయి. రెండోది, ఉమ్మడి గ్రంథాలయంలోనే ఒక నోటును ట్యాగుల సూచిగా ఉంచడం. నిఘంటువుల్లోని ‘చూ.’ అనే సంకేతం ఇక్కడ చక్కగా పనికివస్తుంది. రూపభేదమైతే ‘స్త్రీవాదము – చూ. స్త్రీవాదం’ అని రాసి కలిపివేయవచ్చు. దృష్టిభేదమైతే ‘హరిజన – దళిత, ఆది ఆంధ్ర కూడా చూ.’ అని రాసి, ఆ మాట ఏ కాలానిదో, ఎవరి వాడుకో ఒక వాక్యంలో చేర్చి, ట్యాగులను విడిగానే ఉంచాలి. మూడోది, దృక్పథానికి చెందిన ట్యాగును కలపాలన్నా తొలగించాలన్నా దాన్ని వాడినవారిని సంప్రదించి, నిర్ణయాన్ని తేదీతో సహా సూచిలో నమోదు చేయడం. ‘రూపం’, ‘ప్రాంతం’ పార్శ్వాలకు ఇంత జాగ్రత్త అక్కరలేదు. ‘దృక్పథం’ పార్శ్వానికి తప్పదు.

ముగింపు

రూపభేదాలను సరిచేయడానికి భాషాజ్ఞానం చాలు. దృష్టిభేదాలను గుర్తించడానికి సాహిత్యచరిత్ర తెలియాలి. అందువల్ల ఉమ్మడి నోట్సులో ట్యాగుల నిర్వహణను సాంకేతిక సహాయకులకు వదిలివేయదగిన పనిగా కాక పరిశోధన పద్ధతిలో భాగంగా గుర్తించాలి. పరిశోధన విధాన పాఠ్యాంశాల్లో దీనికి చోటు కల్పించాలి. ఒక విభాగపు నోట్సు పరిశోధకులు మారినా కొనసాగుతుంది. తరువాత వచ్చేవారికి దాని నుంచి అందవలసినవి పుస్తకాల పేర్లు మాత్రమే కావు. ఆ పుస్తకాలను ఎవరు ఏమని పిలిచారో, ఆ పేర్ల మీద ఎక్కడ ఏకాభిప్రాయం కుదరలేదో కూడా అందాలి.