తొమ్మిది జత, ఎదురుగా ఎనిమిది గింజలు

దీపావళి అమావాస్య రాత్రి గద్వాలలో మా తాత మగ్గం ఇంట్లో పత్తాలాట సాగేది. పైసలతో కాదు, చింతగింజలతో. ఎండాకాలం చింతపండు కొట్టినప్పుడు అవ్వ గింజలు ఏరి, కడిగి, పాత డాల్డా డబ్బాలో దాచేది. పండగనాడు మనిషికి యాభై లెక్కన పంచేది. ఆట మూడు ముక్కలాట.

నాకు పదిహేనేళ్ల వయసప్పుడు ఒక ఆట. ఆరుగురం కూర్చున్నాం. నా చేతికి ఆఠీన్ తొమ్మిది, కళావర్ తొమ్మిది, డైమన్ నాలుగు వచ్చాయి. నాకు ముందు కూర్చున్న చిన్నాయన పత్తాలు ఎత్తి చూసుకున్నాడు. నాలుగు గింజలు వేస్తే సరిపోయేచోట ఎనిమిది వేశాడు. జత పడ్డ సంబరంలో నేనూ ఎనిమిది వేశాను. ఆయన మళ్లీ వేశాడు, నేనూ వేశాను. నా గింజలు అయిపోయేసరికి ఆయన తిప్పి చూపించింది పది జత.

తాత నన్ను పక్కకు పిలిచి అడిగాడు. “బిడ్డా, మీ చిన్నాయన సూసి పెంచిండా, సూడక పెంచిండా? అది చూడకుంట నీ పత్తలు మంచియని ఎట్లనుకున్నవ్?”

ఆ ప్రశ్నలో ఈ ఆట సగం ఉంది. పెద్ద చెయ్యి పడ్డప్పుడు ఎవరైనా ఆడతారు. ఏమీ పడకపోతే ఎవరైనా దించేస్తారు. ఆటగాడెవరో తేలేది నడిమి పత్తాలు పట్టుకున్నప్పుడే.

లెక్క చూద్దాం. 52 పత్తాల కట్టలోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా పడతాయి. వాటిలో 16,440 చేతుల్లో జతా ఉండదు, వరసా ఉండదు, రంగూ కలవదు. జతలు 3,744. కలర్ 1,096. సీక్వెన్స్ 720. ఒకే రంగులో సీక్వెన్స్ 48. మూడూ ఒకే అంకె 52. పోకర్‌లో కలర్ సీక్వెన్స్‌ను కొడుతుంది, మన ఆటలో సీక్వెన్స్ కలర్‌ను కొడుతుంది. ఎందుకో ఈ అంకెల్లోనే ఉంది: మూడు ముక్కల్లో సీక్వెన్స్ అరుదు, అయిదు ముక్కల్లో కలర్ అరుదు.

ఇప్పుడు నా తొమ్మిది జత సంగతి. చూడకుండా ఆడుతున్న ఒక్క మనిషి ఎదురుగా ఉంటే నూటికి 83 సార్లు నాదే గెలుపు. ఎదురుగా అయిదుగురు ఉంటే కథ మారుతుంది. వాళ్లలో ఎవరో ఒకరి దగ్గర నన్ను మించిన చెయ్యి ఉండే అవకాశం సగం దాటుతుంది, నూటికి దాదాపు 58. ఇదంతా ఎవరూ పెంచకముందు మాట.

చూసినవాడు పెంచాడంటే అతను ఏదో ఒకటి చెప్పినట్టే. జత, అంతకు మించినది ఉంటేనే పెంచే మనిషి అనుకుందాం. అలాంటి చేతులు మొత్తం 5,660. వాటిలో తొమ్మిది జత కన్నా పెద్దవి 3,356, ఇంకొన్ని తొమ్మిది జతలే. అంటే నూటికి 83 గెలిచే పత్తాలే, అతను ఎనిమిది గింజలు కింద పెట్టగానే, నూటికి 36కు పడిపోయాయి. నా చేతిలోని ముక్కలు మారలేదు. మారింది ఎదుటి మనిషి గురించి నాకు తెలిసింది. సీక్వెన్స్‌కు తక్కువైతే పెంచడని పేరున్న పెద్దమనిషి పెంచితే తొమ్మిది జతకూ ఆసు జతకూ తేడా లేదు, రెండూ దించాల్సినవే.

బ్లైండ్, అంటే పత్తాలు చూడకుండా, ఆడేవాడు పెంచితే మాత్రం అతనూ తన పత్తాలు ఎరగడు. ఆ పెంపు ఏమీ చెప్పదు. అక్కడ జత పట్టుకుని భయపడితే నష్టం మనదే. మా అవ్వ మూడు నాలుగు సుట్లు చూడకుండానే ఆడి అందరినీ తికమకపెట్టేది. తాత మాత్రం అవ్వ పెంచినప్పుడు నింపాదిగా గింజలు వేసేవాడు, చిన్నాయన పెంచినప్పుడే ఆగేవాడు.

పోకర్‌లో మొదటి మూడు ముక్కలు బల్ల మీద పరవకముందే ఎవరైనా పెంచితే వచ్చే చిక్కూ ఇదే. ఆసు-జాకీ పట్టుకున్నవాడికి అది పెద్ద చెయ్యిలా కనబడుతుంది. పెంచినవాడి దగ్గర ఆసు-రాజు ఉంటే నాలుగు ఆటల్లో దాదాపు మూడు పోతాయి, ఆసు పడ్డా లాభం ఉండదు. డేవిడ్ స్క్లాన్‌స్కీ 2002 నాటి తన టోర్నమెంట్ పోకర్ పుస్తకంలో దీనికి ‘గ్యాప్’ అని పేరు పెట్టాడు: ముందుగా పెంచడానికి కావలసిన చెయ్యి కన్నా, పెంచినవాడికి ఎదురు నిలవడానికి ఇంకా మంచి చెయ్యి కావాలి. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు తాత ప్రశ్నే గుర్తుకొచ్చింది.

ఇక కుప్ప లెక్క. మధ్యలో 24 గింజలున్నాయి, నేను వేయాల్సినవి ఎనిమిది. నాలుగింట ఒకసారి గెలిచినా అసలు దక్కుతుంది. నూటికి 36 అంటే అంతకన్నా ఎక్కువే కదా, దించడమెందుకు? ఇక్కడే చాలామంది తప్పుతారు. ఈ ఎనిమిదితో ఆట ఆగదు. వచ్చే సుట్టులో మళ్లీ ఎనిమిది, పత్తాలు తిప్పించే షో అడగడానికి మళ్లీ గింజలు. నా వెనక ఇంకా పలకనివాళ్లు ఉన్నారు, వాళ్లలో ఒకరు పెంచితే వేసిందంతా పోయినట్టే. నడిమి పత్తాలకు కావలసింది ఆటను తొందరగా, తక్కువలో తేల్చే దారి. దానికే మన ఆటలో సైడ్ షో ఉంది. ముందు కూర్చున్నవాడు చూసి ఆడుతుంటే, నా వంతు గింజలు వేసి సైడ్ షో అడగొచ్చు. అతను ఒప్పుకుంటే ఇద్దరమే గుట్టుగా చూసుకుంటాం, తక్కువవాడు దించేస్తాడు. ఒప్పుకోకపోతే అదీ ఒక కబురే. ఆ రాత్రి చిన్నాయన నాకు సరిగ్గా ముందున్నాడు. ఒక్కసారి సైడ్ షో అడిగి ఉంటే ఎనిమిదితో బయటపడేవాణ్ని.

కోర్టు మాట కూడా చెప్పాలి. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో తీర్పు ఇస్తూ, రమ్మీ మూడు ముక్కలాటలాగా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వేసేయాలో తెలియడానికి నేర్పు కావాలని కోర్టు చెప్పింది. మూడు ముక్కల్లో ముక్క మార్చుకునే వీలు లేదన్నది నిజమే. పడ్డది పడ్డదే. అయినా ఉండాలా, దించాలా అన్న ఒక్క నిర్ణయంలో ఇంత లెక్క, ఇంత మనిషి పరిశీలన ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను.

పైసల ఆట వేరు. తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి రమ్మీకున్న మినహాయింపునూ తీసేసింది. 2025లో పార్లమెంటు పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. వాటిని నేను తప్పుపట్టను. మా వీధిలోనే ఒకాయన చీరలకు తీసుకున్న అడ్వాన్సు పత్తాల్లో పోగొట్టి ఊరు విడిచాడు. ఆయన మగ్గం గుంతలో ఇప్పుడు తుమ్మమొల్కలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఎక్కడైనా పైసల పత్తాలాట ఇంటికి చేటే. గింజలతో ఆడితే మాత్రం ఆ బుద్ధి అంతా మిగులుతుంది, పోయేది ఏమీ లేదు.

తాత లేడు. డబ్బా ఉంది. మొన్న పండక్కి మా అన్న బిడ్డ నా పక్కన కూర్చుంది. దాని చేతిలో తొమ్మిది జత నాకు కనబడింది. చిన్నాయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి. పత్తాలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, ఎనిమిది వేశాడు. పిల్ల ఆయన మొఖం వైపు చాలాసేపు చూసింది.

“సూసినవా తాతా?”

“సూసిన్నే, నీ ముంగటనే గద!”

అది పత్తాలు బోర్లించి దించేసింది. మిగతావాళ్లూ దించారు. చిన్నాయన కుప్ప దగ్గరికి లాక్కున్నాడు. “ఏమున్నయ్ తాతా?” అని పిల్ల ఎంత బతిమాలినా, తన మూడు పత్తాలూ చూపకుండా కట్టలో కలిపేశాడు.