తేదీలు లేని తీరం

కెనడా పడమటి తీరాన్ని ఒకసారి పటంలో చూడండి. అంచులు చింపిన కాగితంలా కనిపిస్తుంది. హిమనదాలు కొండల నడుమ తొలిచిన లోయల్లోకి సముద్రం చొచ్చుకురాగా ఏర్పడిన ఇలాంటి ఇరుకు పాయలను ఫియర్డులంటారు. భర్త పోయాక, ఐదుగురు పిల్లలను వెంటబెట్టుకుని 25 అడుగుల మరపడవలో ఈ పాయల వెంట వేసవులు గడిపిన తల్లి ఎం. వైలీ బ్లాంచెట్. 1920ల చివర, 1930లలో సాగిన ఆ ప్రయాణాల కథే 1961లో వెలువడిన ‘ది కర్వ్ ఆఫ్ టైమ్’.

ఈ పుస్తకంలో ముందుగా మెచ్చుకోవలసింది పరిశీలన. ప్రిన్సెస్ లూయిసా అనే పాయకు ముఖద్వారం బాగా ఇరుకు. పోటు వేళ నీరు లోపలికి, ఆటు వేళ బయటికి వరదలా ఉరుకుతుంది. రెంటికీ మధ్య నీరు నిలకడగా ఉండే కాసేపట్లోనే పడవ దాటాలి. రచయిత్రి ఇలాంటి సంగతులను పాఠంలా చెప్పరు. పడవ నడిపే మనిషికి అవి ప్రాణావసరం కాబట్టి మనకూ అర్థమవుతాయి. ఎలుగుబంట్లు, తిమింగలాలు కూడా తమ పని తాము చూసుకునే జంతువులుగానే ఎదురవుతాయి. 1792లో ఈ తీరాన్ని సర్వే చేసిన కెప్టెన్ జార్జ్ వాంకోవర్ రాతలను ఆమె వెంట తీసుకెళ్లి, తాను చూసినదానితో పోల్చుకున్నారు.

మరి లోపమేమిటి? వాంకోవర్ శ్రద్ధగా వేసిన తేదీలను ఆమె వదిలేశారు. ఎన్నో వేసవులను కలిపి ఒకే వేసవిగా అల్లారు. కాలం ఒక వంపు అనీ, దాని శిఖరాన నిలబడితే గతం, వర్తమానం, భవిష్యత్తు ఒకేసారి కనిపిస్తాయనీ మేటర్లింక్ నుంచి తీసుకున్న భావన దీనికి ఆధారం. కథకు ఇది అందమే. కానీ ఏ జంతువు ఏ ఏట కనిపించిందో తెలియకపోతే నేటితో పోల్చడం ఎలా?

రెండో లోపం ఇంకా పెద్దది. క్వాక్వాకావాక్వ ప్రజలు చేపల వేటకు వెళ్లిన వేళ, వారి ఖాళీ గ్రామాల్లోకి ఈ కుటుంబం పిలవకుండానే అడుగుపెడుతుంది. ఆ ఊళ్లను గడిచిపోయిన కాలపు శిథిలాల్లా చూస్తుంది. అవి పలచబడడానికి కారణాలున్నాయి. 1862 నాటి మశూచి ఈ తీరంలో వేలాది ప్రాణాలు తీసింది. వారి ప్రధాన వేడుక పాట్‌లాచ్‌ను 1885 నుంచి 1951 దాకా చట్టం నిషేధించింది. సముద్రం సంగతీ అంతే. బొచ్చు వ్యాపారం సముద్రపు నీటికుక్కలను తుడిచిపెట్టింది. బ్రిటిష్ కొలంబియాలో చివరిదిగా నమోదైనది 1929లో తుపాకికి బలైంది. 1969-72 మధ్య అలాస్కా నుంచి తెచ్చి మళ్లీ వదలవలసి వచ్చింది. చెక్కుచెదరని ప్రకృతిగా పాఠకుడు భ్రమించే ఆ తీరం అప్పటికే ఎంతో పోగొట్టుకుంది.

అలాగని విహారయాత్రికుల పరిశీలన శాస్త్రానికి పనికిరాదని కాదు. 1971లో మైకేల్ బిగ్ అనే శాస్త్రవేత్త ఇదే తీరంలో పడవలవాళ్లకు, జాలర్లకు, లైట్‌హౌస్ సిబ్బందికి ప్రశ్నపత్రాలు పంచి, ఒకే రోజున కనిపించిన ఓర్కా తిమింగలాల లెక్క చెప్పమని కోరారు. వేలల్లో ఉంటాయనుకున్నవి వందల్లోనే ఉన్నాయని తేలింది.

పుస్తకం తప్పక చదవండి. మన కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లోనూ నీటికుక్కలున్నాయి. పిల్లలతో పడవెక్కినప్పుడు ఒకటి కనిపిస్తే తేదీ, చోటు, ఎన్ని ఉన్నాయో రాసిపెట్టండి. పాతికేళ్ల తరువాత వాటి జాడ వెతికేవారికి ఆ ఒక్క పంక్తి ఎంతో ఉపయోగపడుతుంది.