దూబగుంట పాఠంలో ఒక రూపాయి

దూబగుంట అనగానే మనలో చాలామందికి ఒక బొమ్మ కళ్ళముందుకొస్తుంది. కొంగు నడుముకి బిగించి, చేతుల్లో చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని సారా కొట్టు మీదికి వెళ్తున్న ఆడవాళ్ళ బొమ్మ. వాళ్ళని కాళికలన్నారు, దుర్గలన్నారు. ఎవరికి వాళ్ళు తమకు కావలసిన స్త్రీనే నెల్లూరులో చూసుకున్నారని సూసీ తారు, తేజస్విని నిరంజన 1990లలోనే తమ వ్యాసంలో విమర్శించారు. అయినా ఆ బొమ్మ చెరగలేదు.

మాది జలదంకి. దూబగుంట మా పక్క మండలం కలిగిరిలో ఉంది. ఈ మధ్య ఆ బొమ్మని పక్కనపెట్టి, ఉద్యమం లోంచే పుట్టిన రచనని మళ్ళీ చదివాను. అది కథా కాదు, కవితా కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం కోసం తయారైన వాచకంలోని పాఠం, 'ఆడవాళ్ళు ఏకమైతే'. మన సాహిత్య చరిత్రల్లో దీనికి చోటు లేదు. వయోజనుల వాచకాన్ని సాహిత్యం అనుకోవడం మనకింకా అలవాటు కాలేదు మరి!

'సీతమ్మ కథ'లో సీతమ్మ 'ఆమె'. ఈ పాఠంలో మాట్లాడేది 'మేము'. కూలి చేసుకు బతికే ఆడవాళ్ళు తామే ఈ కథకి నాయికలమని చెప్పుకుంటారు. తాగి చెరువులో పడి ఇద్దరు చనిపోయాక వాళ్ళు కదులుతారు. కల్లుబండిని ఆపి, కల్లు పారబొయ్యమంటారు. నష్టమొస్తే తలా ఒక రూపాయి వేసి ఇస్తామంటారు. తర్వాత సారా జీపు వస్తే చుట్టుముట్టి, కలెక్టరు దాకా వెళ్తామని బెదిరిస్తారు. ఆ జీపుకి మాత్రం రూపాయి మాట లేదు.

నేను ఆగిపోయింది ఈ తేడా దగ్గరే. బండివాడు పట్టుబడ్డాడు గానీ వాళ్ళ లెక్కలో శత్రువు కాడు. అతనిదీ కూడు గడవాల్సిన బతుకే. కాంట్రాక్టరు సంగతి వేరు. అసలు చట్టప్రకారం చూస్తే అతను దొంగే కాదు. ప్రభుత్వం పాడిన వేలంలో హక్కు కొనుక్కున్నవాడు. 1983లో వారుణి వాహిని పేరుతో సారాని పాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది ప్రభుత్వమే. అక్షరాలు నేర్పిందీ అదే ప్రభుత్వం. చట్టం దృష్టిలో నేరం బండి ఆపినవాళ్ళదే అవుతుంది. తప్పెవరిదో తేల్చే పనిని ఆడవాళ్ళు చట్టం చేతిలోంచి లాక్కున్నారు. 1992లో వేలంపాటల్ని అడ్డుకోవడం, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించడం, ఇవన్నీ మనకు తెలిసినవే. రోశమ్మ 2016లో కన్నుమూసేనాటికి షాపులు మళ్ళీ తెరిచే ఉన్నాయి.

తర్వాత వచ్చిన కథనాల్లో ఆ రూపాయి కనబడదు. గుండు గీయించి గాడిద మీద ఊరేగించడమే ఎక్కువగా కనబడుతుంది. వాటిని చదివి మనం సంబరపడ్డాం కూడా. నేనైతే సంబరపడ్డాను. ఊరి ముందు అవమానించడమనే శిక్షని ఆడవాళ్ళ మీద ఎన్ని వందలసార్లు వాడారో తెలిసి కూడా, అది మగవాడి మీదికి తిరిగేసరికి న్యాయంలాగే అనిపించింది.

కానీ పట్టుబడినవాళ్ళందరూ మగవాళ్ళు కాదు. ఆ రోజుల్లో మా మేనత్త వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు వంతులేసుకుని రాత్రిళ్ళు కాపలా కాశారు. వాళ్ళకి దొరికింది ఒక విధవరాలు. కొట్టు మూశాక పాకెట్లు ఇంట్లో పెట్టుకుని దొంగచాటుగా అమ్మేది. పాకెట్లన్నీ వీధిలో కోసి పారబోశారు. అవి అప్పు మీద తెచ్చుకున్నవి. పైనున్నవాడు తన డబ్బు తాను రాబట్టుకునే ఉంటాడు. అంత దూరం కాపలా కాసే దారి మా అత్తవాళ్ళకి లేదు.

పాఠం చదివాక అత్తని అడిగాను, ఆమెకి తలా ఒక రూపాయి ఇద్దామని ఎవరూ అనలేదా అని.

"ఏంది పాపా, తప్పు జేసినదానికి మనమే దుడ్డియ్యాలంటావా?" అంది. కోపంగానే అంది. తర్వాత చాలాసేపు చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది.

"ఆమె కూడా మాతోటే రాత్రిబడికి వచ్చేది. నా పక్కనే కూర్చునేది. ఆ తర్వాత రాలా."