పాదానికి అందిన లయ: ఆర్కేడ్ లయక్రీడల తొలిదశ, విదేశీ వ్యాప్తి

ఆర్కేడ్ లయక్రీడల చరిత్రను జపాన్ సంస్థల ఎగుమతి విజయంగా చెప్పడం పరిపాటి. ఆ కథనంలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఒకే సంస్థ ఇంచుమించు ఒకే కాలంలో రూపొందించిన యంత్రాలలో ఒకటి పరదేశాలలో పాతుకుపోగా, మరొకటి ప్రధానంగా స్వదేశీయుల ఆదరణతోనే ఎందుకు నిలిచిందో ఆ కథనం వివరించలేదు. ఈ భేదానికి కారణాన్ని సంగీతంలో కంటే ఆటగాడి శరీరంలో వెతకడం సమంజసం.

1996లో ప్లేస్టేషన్‌పై వెలువడిన మసాయా మత్సురా ‘పరప్పా ది రాపర్’ ఇంట్లో కూర్చుని బొటనవేళ్లతో ఆడే ఆట. మరుసటి ఏడాది చివర కొనామి ఆర్కేడ్‌లలో ప్రవేశపెట్టిన ‘బీట్‌మేనియా’ ఐదు మీటలు, ఒక టర్న్‌టేబుల్‌తో ఆటగాణ్ణి డీజే స్థానంలో నిలబెట్టింది. తెరపై జారే గుర్తు అడుగు గీతను తాకిన క్షణంలో మీట నొక్కితేనే దానికి కేటాయించిన ధ్వని సరిగా వినిపిస్తుంది. తప్పు అంకెలలోనే కాక చెవికీ తెలుస్తుంది. ఈ ఆట పేరును కుదించి కొనామి తన సంగీతక్రీడల శాఖకే ‘బెమాని’ అని పేరు పెట్టుకుంది. విదేశాలలో ‘హిప్‌హాప్‌మేనియా’గా వెళ్లిన అదే యంత్రానికి అంతటి ఆదరణ దక్కలేదు. వేళ్ల నేర్పు ఎంత గొప్పదైనా, వెనుక నిలిచినవారికి కనిపించేది ఆటగాడి వీపు మాత్రమే.

1998లో వచ్చిన ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ మీటలను నేలపైకి దించింది. నాలుగు దిక్కులకు నాలుగు బాణాలు, వాటిపై రెండు పాదాలు. వాద్యపరిచయం అక్కరలేదు, జపనీయ భాష రానక్కరలేదు. అంతకంటే ముఖ్యంగా, తప్పటడుగు వేసినా చూసేవారికి అదొక వినోదమే. నాణెం వేసినవాడొక్కడైతే ఆటను అనుభవించేవారు పదిమంది. తెలుగులో ‘ఆట’ అన్న పదం క్రీడకూ నృత్యానికీ సమానంగా చెల్లుతుంది; ఈ యంత్రాన్ని వర్ణించడానికి అంతకంటే తగిన మాట దొరకడం కష్టం. ఇందులోని పాటలనూ పూర్తిగా జపనీయమని అనలేము. తొలి కూర్పులోని ‘బటర్‌ఫ్లై’ స్వీడన్ బృందం స్మైల్ డాట్ డీకేది. యూరప్ నుంచి జపాన్ చేరిన నృత్యసంగీతం, 1999లో ‘డాన్సింగ్ స్టేజ్’ అన్న పేరుతో ఆటగా తిరిగి యూరప్‌కే వెళ్లింది.

కొరియా అధ్యాయం మరింత చిక్కైనది. 1999లో అక్కడి ఆండమిరో ‘పంప్ ఇట్ అప్’ను, అమ్యూజ్‌వరల్డ్ ‘ఈజీటూడీజే’ను విడుదల చేశాయి. వీటిని అనుకరణలని తీసిపారేయడం తొందరపాటు. ‘ఈజీటూడీజే’ బీట్‌మేనియా నమూనాకు సన్నిహితమే, అయినా పెడల్ చేర్చి పాదానికీ పని కల్పించింది. ‘పంప్ ఇట్ అప్’ భేదం ఇంకా లోతైనది. నాలుగు మూలలకు నాలుగు, నడుమ ఒకటిగా ఐదు పలకలను అమర్చడంతో నడుము తిరిగే తీరు, బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మారే తీరు, మొత్తంగా ఆటగాడి నిలకడే మారిపోయింది. ఎదురుబాణాలకు అలవాటుపడిన పాదం ఇక్కడ మళ్లీ నేర్చుకోవలసిందే.

అమెరికాలో వివాదం న్యాయస్థానానికెక్కింది. రాక్సర్ గేమ్స్ 2004లో తెచ్చిన ‘ఇన్ ద గ్రూవ్’ను ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ పెట్టెలలోనే అమర్చుకునే వీలుండేది. 2005లో కొనామి దావా వేసింది. యంత్రం కొన్నవాడు దానిలో వేరొకరి ఆటను నడపవచ్చునా? పాదాలతో బాణాలు తొక్కే పద్ధతిపై ఒక సంస్థకు ఎంతవరకు హక్కు ఉంటుంది? ఈ ప్రశ్నలు తీర్పు వరకు వెళ్లలేదు. 2006లో రాజీ కుదిరి ‘ఇన్ ద గ్రూవ్’ హక్కులు కొనామికే చేరాయి. ఆ ఆటకు ఆధారమైన ‘స్టెప్‌మేనియా’ మాత్రం కొనామి ఆటను ఇంటి కంప్యూటర్లపై ఆడుకోవడానికి అభిమానులు రాసుకున్న ప్రోగ్రాం. దాని మూలసంకేతం ఎవరైనా వాడుకోదగిన స్వేచ్ఛా లైసెన్సు కిందనే ఉండిపోయింది.