కృతజ్ఞతల పేజీలో లేని పేరు

ఎవరి సిద్ధాంత గ్రంథం చేతికొచ్చినా నేను మొదట తీసేది కృతజ్ఞతల పేజీ. ఈ అలవాటు నా పిహెచ్.డి. మొదటి ఏడాదిలో అయింది. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, సిటీబస్సు పట్టుకుని యూనివర్సిటీ లైబ్రరీకి చేరేసరికి పదకొండు దాటేది. సాయంత్రం బండి అందుకోవాలంటే మూడింటికే లేవాలి. 130 కిలోమీటర్లు వచ్చి, అన్నే కిలోమీటర్లు వెనక్కి పోవడానికి మధ్య మిగిలేది నాలుగు గంటలు. పెద్ద పుస్తకం తెరిచే ధైర్యం లేని రోజు పాత థీసిస్‌ల బీరువా దగ్గర నిలబడి మొదటి పేజీలు తిరగేసేదాన్ని. నాకంటే ముందు పెళ్లయి, పిల్లల్ని కని, ఊరు మారి, రైళ్లెక్కి దిగిన ఆడవాళ్లు దీన్నెట్లా పూర్తి చేశారో ఎక్కడో ఒకచోట రాసే ఉంటారని ఆశ.

రాశారు. కానీ రాసిన భాషలోనే అది దాక్కుని ఉంది.

ఆ పేజీకంటూ ఒక వరస ఉంది. ముందు పర్యవేక్షకులు, తర్వాత శాఖాధ్యక్షులు, లైబ్రరీ సిబ్బంది, తల్లిదండ్రులు, అత్తమామలు, భర్త, పిల్లలు, చిట్టచివర డి.టి.పి. చేసిపెట్టిన వారు. వరస అందరికీ ఒకటే. తేడా అంతా క్రియాపదాల్లో ఉంది. మగ పరిశోధకుడి శ్రీమతి ఇంటి బాధ్యతలు తలకెత్తుకుంటుంది, వేళకు అన్నీ అమరుస్తుంది, ప్రూఫులు దిద్దుతుంది. అంటే ఏదో ఒక పని చేస్తుంది. మహిళా పరిశోధకురాలి భర్త చాలాసార్లు పని చెయ్యడు. అనుమతిస్తాడు, ప్రోత్సహిస్తాడు, ఓర్పు వహిస్తాడు. పిల్లల దగ్గరికొస్తే తేడా ఇంకా స్పష్టం. తండ్రి పిల్లలకు ఆశీస్సులు రాస్తాడు. తల్లి క్షమాపణ అడుగుతుంది, వాళ్లకు చెందిన సమయాన్ని దొంగిలించానని. ఆ సమయం ఇద్దరు పెద్దవాళ్లకూ చెందినదే కదా, ఒక్కరే ఎందుకు దొంగ అయ్యారు?

2017లో అమెరికాలో బ్రూస్ హోల్సింగర్ అనే సాహిత్య ఆచార్యుడు పాత విద్వద్గ్రంథాల కృతజ్ఞతల పేజీలను ట్విట్టర్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. రాతప్రతులన్నీ టైపు చేసిన భార్యలు, పేరు కూడా లేకుండా, ‘నా భార్య’ అన్న రెండు మాటల్లో ఒదిగిపోయారు. ఆ పేజీలు చూసి చాలామందిమి నవ్వుకున్నాం, కోప్పడ్డాం. కోపం సులువు, అక్కడ రాసింది మగవాళ్లు. మనం రాసిన పేజీలను అలా చదవడమే కష్టం.

కృతజ్ఞత చాటున నిజం చెప్పడం మనకు కొత్త కాదు. రాస్‌సుందరీ దేవి బెంగాలీలో రాసిన ఆత్మకథ ‘ఆమార్ జీబన్’ 1876లో వచ్చింది. వంటింట్లో చైతన్య భాగవతం ఆకునొకదాన్ని దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చుకుంటూ ఆమె చదువు నేర్చింది. అదంతా దేవుడి దయ అని అడుగడుగునా దణ్ణం పెడుతుంది. కానీ ఆ దణ్ణాల మధ్య ఎవరి భయానికి పుస్తకం దాచిందో, ఎంత చాకిరీ మధ్య చదివిందో వివరంగా చెప్తుంది. దణ్ణం పెట్టింది కదా అని లెక్క చెప్పడం మానలేదు. మన పేజీల్లో దణ్ణాలు మిగిలాయి, లెక్కలు పోయాయి.

కథాసాహిత్యంలో ఈ లెక్కలు ఉన్నాయి. అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’లో ఇల్లాలు కంటినిండా నిద్రకోసం తపిస్తుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఇల్లు అలికీ అలికీ ఇల్లాలు తన పేరే మరచిపోతుంది, పాత స్నేహితురాలు పేరుపెట్టి పిలిచేదాకా అది దొరకదు. ఈ కథను నేను ఎం.ఏ.లో చదివి ఏడ్చాను, థీసిస్‌లో ఒక అధ్యాయం సగం దీనిమీదే రాశాను. అయితే రైల్లో కూర్చుని మళ్లీ చదువుతుంటే ఒక ఇబ్బంది ఎదురైంది. నేను శారదను కాను. నా పేరు ఎవరూ మరచిపోనివ్వలేదు. ఫెలోషిప్ ఫారం మీద, సీజన్ టికెట్ మీద, హాజరు రిజిస్టర్‌లో అది రోజూ కనబడుతూనే ఉంది. నాకు నా పేరు మిగలాలంటే మా ఇల్లు ఇంకెవరో అలకాలి. ఆ ఎవరో ఎవరన్నది సత్యవతి కథ అడగదు, అడగనవసరం లేదు, అది శారద కథ. నా థీసిస్ మాత్రం అడిగి ఉండాల్సింది.

మా ఇంటి సంగతి చెప్పాలి. పాపకు ఏడాదిన్నర ఉన్నప్పుడు కోర్స్‌వర్క్ మొదలైంది. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. అమ్మ జనగామ దగ్గర పల్లెలో నాన్నను వదిలి రెండేళ్లు హనుమకొండలో మా ఇంట్లో ఉంది. అరవై దాటాక నాన్న అన్నం వండుకోవడం నేర్చుకున్నాడు, అది నా పరిశోధన ఫలితాల్లో ఒకటి. వీళ్లందరికంటే ముందు, పొద్దున అయిదున్నరకు వచ్చేది ఇంకొకామె. గిన్నెలు, బట్టలు, వాకిలి అయ్యాక పాపకు నీళ్లు పోసి, అన్నం తినిపించి వెళ్లేది. నెలకు ఇచ్చింది 2,500 రూపాయలు. నా ఫెలోషిప్ అంతకు పది రెట్లు. ఆమెకు జ్వరమొచ్చిన రోజు నేను రైలెక్కలేదు. అమ్మ పండక్కి ఊరెళ్లినా నా ప్రయాణాలు సాగాయి, ఆమె రాకపోతే ఆగాయి.

యు.జి.సి. 2016 నిబంధనల్లో స్త్రీలకు పిహెచ్.డి. పూర్తి చెయ్యడానికి రెండేళ్లు అదనపు గడువిచ్చింది, ప్రసూతికీ శిశు సంరక్షణకీ 240 రోజుల సెలవిచ్చింది. 2022 నిబంధనలూ వాటిని కొనసాగించాయి. ఆ గడువులో ఒక ఏడాది నేనూ వాడుకున్నాను, లేకపోతే ఈ పట్టా లేదు. కాబట్టి దాన్ని తక్కువ చెయ్యను. కాకపోతే అదే వాక్యంలో స్త్రీల పక్కన ఉన్నది నలభై శాతం మించిన వైకల్యం ఉన్నవాళ్లు. ఇల్లు అనేది స్త్రీ ఒంటికే పుట్టిన ఒక పరిమితి అయినట్టు. ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉన్నాడన్న ఊహ ఆ వాక్యంలో లేదు.

అసలు విషయానికి వస్తాను. నా పరిశోధనాంశం తెలుగు స్త్రీల కథల్లో ఇంటిచాకిరీ. నాలుగో అధ్యాయంలో దళిత స్త్రీల రచనల గురించి రాశాను. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’, జూపాక సుభద్ర కవిత్వం ముందు పెట్టుకుని, స్త్రీవాదం వంటింటి గురించి మాట్లాడినప్పుడు ఆ ఇంటికి పనికొచ్చే స్త్రీ ఎక్కడుందని నిలదీశాను. వైవాలో ఆ అధ్యాయాన్ని మెచ్చుకున్నారు. అదే గ్రంథం మొదట్లో, కృతజ్ఞతల పేజీలో, మా ఆయన నన్ను చదువుకోవడానికి అనుమతించినట్టు రాశాను. ఆయన అనుమతించలేదు, నేను అడగలేదు, అట్లాంటి సంభాషణే మా మధ్య జరగలేదు. మరి ఎందుకు రాశాను? పేజీలో ఆ స్థానంలో ఆ మాట ఉంటుంది, రాకపోతే అత్తగారింట్లో ఏదో లోటు కనిపిస్తుంది. పొరపాటున రాయలేదు, ఆలోచించే రాశాను. డి.టి.పి. చేసిన అబ్బాయికి పేరుతో సహా ధన్యవాదాలు చెప్పాను, పేజీకి ఇంతని డబ్బు తీసుకున్నా సరే. కాబట్టి డబ్బిచ్చిన పనికి కృతజ్ఞత ఎందుకన్న వాదన నాకు మిగల్లేదు.

పట్టా వచ్చాక బైండు చేసిన ప్రతి ఒకటి అమ్మకిచ్చాను. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఆ ఒక్క పేజీ చదవడానికి చాలాసేపు తీసుకుంది. తన పేరు దగ్గర ఆగలేదు. చివరిదాకా చదివి, మళ్లీ పైకి పోయి, ఏదో వెతికింది.

“అందరియి రాసినవ్ గద బిడ్డా. బిడ్డకు నీళ్లు పోసినామె పేరేది?”

ఇప్పుడు ఆ థీసిస్ పుస్తకంగా వస్తోంది. కృతజ్ఞతల పేజీ మళ్లీ రాయాలి. భర్త గురించిన క్రియాపదం మార్చడం తేలికగానే అయింది. ఆయనే ఆ వాక్యం చదివి, నేనెప్పుడు అనుమతించాను అని నవ్వి, పాపను రాత్రిళ్లు నిద్రపుచ్చానని రాయమన్నాడు. అది నిజమే, రాశాను. ఆమె పేరు రాయడమే తెగలేదు. అడగకుండా రాయడం సరికాదు, అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు. పోయిన నెల వాళ్లింటికి వెళ్లి అడిగాను. పాప ఏ క్లాసుకొచ్చిందని కనుక్కుంది, చాయ పెట్టింది. పుస్తకంలో పేరు వేస్తానంటే వద్దనలేదు, సరేననలేదు.

“నా గురించి ఏమని రాస్తవమ్మా?” అంది.

చాయ తాగి వచ్చేశాను. ఆ చోటు వదిలిపెట్టి మిగతా ప్రూఫులు దిద్దుతున్నాను.