ఆగిన బంతి పనివాడు

జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడు షున్సుకే నకామురా గురించి ఎవరు మాట్లాడినా ఎడమకాలి దగ్గరే మొదలుపెడతారు. తప్పేం లేదు. 2006లో మాంచెస్టర్ యునైటెడ్ గోలీ ఎడ్విన్ వాన్ డెర్ సార్‌ను రెండు నెలల తేడాలో రెండుసార్లు ఫ్రీకిక్‌తో ఓడించింది ఆ కాలే. కానీ ఆ వీడియోలను వేగం తగ్గించి చూస్తే కళ్ళు కుడికాలి మీదికి పోతాయి. పనితనం సగానికి పైగా అక్కడే ఉంది.

అతను బంతి దగ్గరికి పక్కవాటుగా నాలుగైదు అడుగుల్లో వస్తాడు. చివరి అడుగులో కుడిపాదం బంతి పక్కన దిగుతుంది. దిగగానే ఒళ్ళంతా కుడివైపుకు, బంతికి దూరంగా ఒరుగుతుంది. చీలమండ మడతపడి పాదం బయటి అంచు మీదే బరువంతా నిలుస్తుంది. చూసేవాళ్ళకు జారిపడుతున్నాడేమో అనిపిస్తుంది. ఆ ఒరుగుడు లేకపోతే ఎడమకాలు విశాలంగా తిరగడానికి చోటుండదు. అలా తిరిగిన పాదం బొటనవేలి మొదట్లో ఉండే గట్టి ఎముకతో బంతిని కిందివైపు, ఎడమపక్కన తాకి, చుట్టుకుపోయినట్టు లాగుతుంది. బంతి తిరుగుతూ లేచి, ముందు సూటిగా పోతున్నట్టే ఉండి, తర్వాత కుడికి వంగుతుంది. మంచి స్పిన్నర్ వేసిన బంతి పిచ్ మీద పడకముందే గాల్లో పక్కకు జరగడం క్రికెట్ చూసేవాళ్ళకు తెలుసు. తిరిగే బంతిని గాలి పక్కకు తోసే ఆ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

అసలు చిక్కు వంపు ఒక్కదానితో తీరదు. రక్షకుల గోడ 9.15 మీటర్ల దూరంలో నిలబడుతుంది. బంతి వాళ్ళ తలల మీదుగా లేవాలి. గోల్ అడ్డకర్ర ఎత్తు 2.44 మీటర్లే కాబట్టి అంతలోనే దిగాలి. గోలీ చేరుకునే లోపు మూలకు పోవాలి. ఎత్తు కోసం కింద తవ్వితే వేగం పోతుంది. వేగం కోసం బలంగా తంతే తిప్పు తగ్గుతుంది. ఈ బేరంలో ప్రతి ఆటగాడూ ఏదో ఒకటి వదులుకుంటాడు. నకామురా అందరికంటే తక్కువ వదులుకున్నాడు.

2006 సెప్టెంబర్ 13న మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రఫర్డ్‌లో అతని గోల్ ఉన్నా అతని జట్టు, స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్, 3-2తో ఓడింది. నవంబర్ 21న గ్లాస్గోలో రెండో మ్యాచ్. 81వ నిమిషం, స్కోరు 0-0, దూరం దాదాపు 30 గజాలు. అంత దూరం నుంచి బంతిని నెమ్మదిగా ఎత్తి మూలలో దింపుదామంటే వాన్ డెర్ సార్ తీరిగ్గా అక్కడికి నడిచిపోతాడు. ఆయన ఎత్తు 1.97 మీటర్లు. అందుకే ఈసారి నకామురా కాలు మరింత విసురుగా తిరిగింది. గోలీ నిండుగా చాచి దూకాడు, బంతి అందలేదు. ఆఖరి నిమిషాల్లో లూయి సహా కొట్టిన పెనాల్టీని సెల్టిక్ గోలీ ఆర్తుర్ బోరుట్స్ ఆపాడు. క్లబ్ మొదటిసారి చాంపియన్స్ లీగ్‌లో చివరి 16 జట్లలో నిలిచింది. ఆ రెండు ఫ్రీకిక్‌లలో నా ఓటు రెండోదానికే.

జపాన్ టీవీ వాళ్ళు కదిలే బస్సు కిటికీలోకి అతనిచేత బంతి కొట్టించిన విన్యాసం చాలామంది చూసే ఉంటారు. నాకు దానిమీద పెద్ద మోజు లేదు. బస్సుకు గోడ కట్టేవాళ్ళుండరు, గోలీ ఉండడు.

ఈ పని పుట్టిందే లోటులోంచి. యోకొహామాలో 1978లో పుట్టిన నకామురాను మారినోస్ క్లబ్ పిల్లల జట్టు నుంచి యువ జట్టుకు తీసుకోలేదు. అప్పటికి ఒళ్ళు చిన్నది. టోకో గకుయెన్ హైస్కూల్లో చేరి అక్కడ ఆడాడు. తన ఆటలోని తప్పొప్పులు నోటుబుక్‌లో రాసుకునే అలవాటు ఆ రోజుల నుంచీ ఉంది. 1997లో తనను వద్దన్న మారినోస్‌కే ప్రొఫెషనల్‌గా వెళ్ళాడు, 2000లో జె లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అయినా 2002లో ప్రపంచకప్ సొంత దేశంలో జరుగుతుంటే కోచ్ ఫిలిప్ ట్రూసియే జట్టులోకి తీసుకోలేదు. ఆ ఏడాదే ఇటలీ దక్షిణ కొసన రెజ్జీనాకు వెళ్ళి మూడేళ్ళు ఆడాడు.

2005లో సెల్టిక్ మేనేజర్ గోర్డన్ స్ట్రాకన్ అతణ్ణి పిలిపించుకుని కుడివైపు ఆడించాడు. ఎడమకాలివాణ్ణి కుడివైపు పెడితే గీత వెంట పరిగెత్తాల్సిన పని తగ్గుతుంది, లోపలికి తిరిగి పాస్ చూసుకోవచ్చు. వేగం లేనివాడికి ఇంతకంటే మేలు చేసిన మేనేజర్ ఉండడు. 2007 ఏప్రిల్‌లో కిల్మార్నాక్‌తో మ్యాచ్ 1-1గా ఉండగా చివర్లో కలిపిన అదనపు నిమిషాల్లో మళ్ళీ ఫ్రీకిక్, మళ్ళీ గోల్, దాంతో లీగ్ టైటిల్. ఆ సీజన్‌లో తోటి ఆటగాళ్ళూ, పత్రికల వాళ్ళూ స్కాట్లండ్ ఉత్తమ ఆటగాడిగా అతణ్ణే ఎన్నుకున్నారు. మరుసటి ఏప్రిల్‌లో రేంజర్స్ మీద దూరం నుంచి కొట్టిన గోల్ ఫ్రీకిక్ కాదు, కదిలే బంతి. అక్కడ కూడా బంతి గాల్లో వంకర పోయి గోలీ అల్లన్ మెక్‌గ్రెగర్‌ను తికమక పెట్టింది.

2009లో వెళ్ళిన స్పెయిన్ క్లబ్ ఎస్పాన్యోల్‌లో మాత్రం కుదరలేదు. ఒక్క లీగ్ గోల్ కూడా లేకుండా నెలల్లోనే మారినోస్‌కు తిరిగొచ్చాడు. 2013లో, 35 ఏళ్ళ వయసులో, మళ్ళీ జె లీగ్ ఉత్తమ ఆటగాడు. ఆ బహుమతి రెండుసార్లు అందుకున్న మొదటివాడు అతనే. చివరి ఏళ్ళలో చీలమండ బాధపెట్టింది. అన్నేళ్ళు దానిమీద ఒరిగిన బరువు తలుచుకుంటే ఆశ్చర్యం లేదు. 2022లో, 44వ ఏట ఆట మానాడు.

అతని తర్వాత యూరప్‌కు వెళ్ళిన జపాన్ ఆటగాళ్ళు చాలామంది అతనికంటే వేగవంతులు, దృఢమైనవాళ్ళు, ఇంకా పెద్ద లీగ్‌లలో పేరు తెచ్చుకున్నవాళ్ళు. ఆగిన బంతి దగ్గర మాత్రం అతని చోటు ఇంకా ఖాళీగానే ఉంది.