తుంగభద్ర దాగిన లోయ

మాది నీడ కరువైన నేల. ఆదోని కోటకొండ ఎక్కి చూస్తే గుండురాళ్లు, నల్లరేగడి, పత్తిచేలు, వాటి మీద అడ్డూ ఆపూ లేని ఆకాశం. ఎమ్మిగనూరు దాకా దారిలో ఒక వేపచెట్టు కనిపిస్తే చాలు, నడిచేవాడి కాళ్లు వాటంతటవే ఆగుతాయి. ఆ నేల మీద పెరిగిన కళ్లతో శ్రీశైలంలో పాతాళగంగ మెట్ల పైన నిలబడి నిన్ను చూశాను, లోయతల్లీ! ఇంత పచ్చదనం, ఇంత లోతు, ఇన్ని నీళ్లు ఒక్కచోటే ఉంటాయంటే నమ్మడానికి చాలాసేపు పట్టింది.

శ్రావణంలో చూడాలి నిన్ను. నల్లమల వరస మీద వరసగా లేస్తుంది. దగ్గరి కొండ ముదురాకుపచ్చ, దాని వెనకది నీలం, ఆ వెనకది కొండో మబ్బో తేల్చుకోలేం. టేకు, మద్ది, తునికి, ఇప్ప, అన్నీ ఒకే పచ్చలో కలిసిపోతాయి. వాన వెలిసిన చోటల్లా చెట్ల నెత్తిన ఆవిరి. అడుగున కృష్ణమ్మ, ఎర్రటి కొత్తనీటితో. ఆనకట్ట దగ్గర నీటిమట్టం 885 అడుగులకు చేరిందా అని సీమ రైతు వానాకాలమంతా వాకబు చేసేది ఈ నీటినే. 1981లో ఈ నీటి కిందికి వెళ్లిన ఊళ్లను తలచుకోకుండా నిన్ను పొగడలేను.

ఈ గట్టు ఆంధ్ర, ఆ గట్టు తెలంగాణ. 2014 నుంచి నీ నీటి నడుమ రెండు రాష్ట్రాల హద్దు. మాకు హద్దులు కొత్తకాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టేదాకా మా ఆదోని బళ్లారి జిల్లాలోది. ఇప్పటికీ మా సంతలో తెలుగులో మొదలైన బేరం కన్నడంలో తెగుతుంది. మంత్రాలయం రేవులో మునిగి లేస్తే ఎదుటి ఒడ్డు రాయచూరు జిల్లా. ఆ తుంగభద్రే కర్నూలు దాటి, అలంపురం దిగువన కృష్ణలో కలిసి, పేరు వదిలేసి నీ ఒడికి చేరింది. కాలవ చివరి చేలు ఎండి, మావాళ్లు పిల్లాజెల్లాతో గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయిన ఏళ్లలోనూ ఆ నీరు మా పక్కనుంచే సాగింది. అందుకే నిన్ను చూస్తే కన్ను నిండుతుంది, కడుపు తరుక్కుపోతుంది.

ఉగాది వస్తోందంటే రాయచూరు, బళ్లారి, బాగలకోట వైపుల నుంచి కన్నడ భక్తులు మా ఊళ్ల మీదుగా నీ కొండకు కాలినడకన బయల్దేరతారు. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. చీర, పసుపు, కుంకుమ మూటగట్టుకుని మండుటెండలో నడుస్తారు. మా వీధుల్లో పందిళ్లు లేస్తాయి. ఒకరు మజ్జిగ పోస్తారు, ఒకరు బొబ్బలెక్కిన పాదాలకు నూనె రాస్తారు. ఆత్మకూరు, వెంకటాపురం దాటాక అడవి. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను. ఆ రోజుల్లో చెట్లు చాలామటుకు ఆకురాల్చి ఉంటాయి, కింద ఇప్పపూలు తియ్యగా కుళ్లిన వాసన వేస్తుంటాయి. భీముని కొలను లోయలోకి దిగి, నిట్టనిలువు రాతిమెట్లు ఎక్కి కైలాసద్వారం చేరినవాళ్ల ముఖాలు చూశాను. కారు దిగి ఫోటో తీసుకుని పోయేవాళ్లకు నువ్వు అలా కనిపించవు, ఇది నా గట్టి నమ్మకం.

ఆదోని, ఎమ్మిగనూరు అన్నలారా, అక్కలారా! ఏటా మన వాకిట్లోంచి పోయే ఆ భక్తుల వెంట ఒక్క ఉగాదికైనా నడవండి. శివరాత్రికీ ఉగాదికీ తెరిచే దారి అది, పులులు తిరిగే అడవి. ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా అక్కడ వదిలి రాకండి.